ధర విని వెనుదిరగవద్దు



నేను శక్కర్‌నగర్ బాయిలర్ల దగ్గర పనిచేసినవాణ్ణి. ఆవిరి వాల్వు తెరిచినట్టే బిగుసుకుపోతే ఎంత ప్రమాదమో మనకు తెలుసు. కణాలకు పెరగమని సంకేతమిచ్చే కైనేజ్ ఎంజైములు కొన్ని క్యాన్సర్లలో అలాగే ఆగకుండా పనిచేస్తాయి. వాటిని అడ్డుకునే మాత్రల్లో సొరాఫెనిబ్ ఒకటి; కాలేయం, కిడ్నీ క్యాన్సర్లకు ఇస్తారు. పూర్తిగా నయం చేయదు. రోగం ముదరకుండా కొంతకాలం ఆపుతుంది.

అప్పట్లో నెల మాత్రలు 2,80,428 రూపాయలు. మన పెన్షను ఏ మూలకు? 2012 మార్చిలో పేటెంట్ల కంట్రోలరు హైదరాబాదులోని నాట్కో కంపెనీకి తప్పనిసరి లైసెన్సు ఇచ్చి, ధర 8,880 దాటరాదన్నారు. దేశంలో అదే మొదటిది.

అందుకే నా మనవి: ధర విని వైద్యం మానుకోకండి. మందు అసలు పేరు రాయించుకోండి. వేరే కంపెనీది చవకగా ఉందా అని డాక్టరుగారినే అడగండి.