ప్రతిమకు పేరు

(ధర్మపురిలో మన సంఘ సమావేశమున చేసిన ప్రసంగము)



తిరుమల ఆలయ మహాద్వారము దాటినవారు, శ్రీకృష్ణదేవరాయలు ఇరువురు దేవేరులతో చేతులు మోడ్చి నిలిచిన లోహమూర్తులను చూచియే యుందురు. 1509 మొదలు 1529 వరకు ఏలిన ఆ ప్రభువు నేటికిని మన కన్నులయెదుట నున్నాడు. ఆనాడట్టి భాగ్యము రాజులకును సంపన్నులకును దక్కెడిది. నేడు స్కానింగు, త్రీడీ ప్రింటింగు అను విద్యలచే మనవంటివారికిని దక్కుచున్నది.

ఆ విధానమిది. మనిషిని నడుమ నిలిపి, చుట్టును అమర్చిన పెక్కు కెమెరాలతో ఒక్కసారిగా ఛాయాచిత్రములు తీయుదురు. ఒకే గుర్తు ఏ చిత్రమున ఎచ్చట నున్నదో కంప్యూటరు పోల్చి, ముక్కు ఎత్తును, కంటి లోతును గణించి, రూపమును కట్టును. పిమ్మట యంత్రము జిప్సము పొడిని పలుచగా పరచి, రంగును జిగురును చల్లుచు పొరపై పొర పేర్చును. పొర మిల్లీమీటరులో పదవవంతైనచో, 15 సెంటీమీటర్ల బొమ్మకు 1500 పొరలు కావలెను.

లోపములు లేకపోలేదు. మెరయు నగలును, కళ్లజోటి అద్దములును యంత్రమును భ్రమింపజేయును; వానిని పనివాడు దిద్దవలెను. చేతికర్రవంటి సన్ననివి విరుగును. జిప్సము బొమ్మ తడికి ఓర్వదు. దానికి అభిషేకము తగదు!

కొండపల్లి బొమ్మలలోని పల్లెపడుచు అందరి యింటి పడుచు. ఈ బొమ్మలోని అవ్వ మన యింటి అవ్వయే. నవరాత్రి కొలువులో ఆమెను నిలుపుట ఎంత ముచ్చట! అయితే పెద్దలు జీవించియుండగనే ఈ పని చేయింపవలెను. గతించిన పిమ్మట ఒక్క పటమునుండి కట్టిన రూపమున, పటములో కనబడని భాగమంతయు ఊహయే.

ఇక నా ముఖ్యమైన మనవి. మా అంగడిలో ఒక పాత పటము కలదు. "ఈ తాత యెవరు నాన్నా?" అని మా చిన్నవాడు అడిగినాడు. నేను చెప్పలేకపోతిని. మా తండ్రిగారు లేరు. పటము వెనుక వ్రాత లేదు. రూపము నిలిచినది, మనిషి పోయినాడు. తిరుమల మూర్తులపై పేర్లు చెక్కబడి యున్నవి. మా పటమునకు ఆ పాటి భాగ్యమును లేదు.

కావున ప్రతిమ చేయించువారు పీఠముపై పేరును, ఊరును, సంవత్సరమును తెలుగు లిపిలో వ్రాయింపుడు. మన బిడ్డలలో పెక్కురు తెలుగు మాటలాడుదురు గాని చదువలేరు. అవ్వ పేరు చదువుటకైనను వారు నాలుగక్షరములు దిద్దినచో, ఆ బొమ్మకు పెట్టిన సొమ్ము గిట్టినట్లే.

సెలవు.