వెయ్యిసార్లు అడిగితే వినిపించే జవాబు



మూడు నెలల పసిబిడ్డకు చెవులు వినిపిస్తున్నాయో లేదో ఎట్లా తెలుసుకోవాలి? పళ్లెం మోగించి చూస్తాం. తల తిప్పితే సంతోషం. తిప్పకపోతే? నిద్రమత్తులో ఉందేమో అని సర్దిచెప్పుకుంటాం. అట్లా నెలలు గడిచిపోతాయి. బిడ్డతో పని లేకుండా నేరుగా మెదడునే అడిగే పరీక్ష ఒకటుంది. దాన్ని బేరా అంటారు. ఈరోజు దాని కథ చెప్తాను.

1875లో లివర్‌పూల్ వైద్యుడు రిచర్డ్ కేటన్ కుందేళ్ల, కోతుల మెదళ్లలో విద్యుత్తు కదలడం గమనించాడు. జర్మనీలో హాన్స్ బెర్గర్ 1924లో మనిషి మెదడు అలలను నమోదు చేసి, 1929లో లోకానికి చెప్పాడు. అయితే మెదడు ఒక్క క్షణం కూడా ఊరుకోదు. దాని మామూలు అలలు పదుల మైక్రోవోల్టులుంటాయి. చిన్న టిక్కుమనే శబ్దానికి మెదడు అడుగున ఉండే మెదడుకాండం ఇచ్చే జవాబు ఒక మైక్రోవోల్టు కూడా ఉండదు. ఆ రొదలో ఈ జవాబును పట్టుకునేదెట్లా?

మన మక్తల్ పడమటి ఆంజనేయస్వామి జాతరను తలచుకోండి. వేల గొంతుల మధ్య దూరంగా ఒక డప్పు అదే దరువు మళ్లీ మళ్లీ వేస్తోంది. ఆ సందడిని రికార్డు చేసి, దరువు మొదలైన ప్రతిచోటా ముక్కగా కోసి, ముక్కలన్నీ ఒకదానిమీద ఒకటి పేర్చి కలపండి. గొంతులు ఒకసారి హెచ్చు, ఒకసారి తగ్గు; వాటికవే కొట్టేసుకుంటాయి. దరువు మాత్రం ప్రతిసారీ అదే చోట పడుతుంది కనుక పైకి తేలుతుంది.

లండన్‌లో జార్జ్ డాసన్ చేసింది ఇదే. 1947లో మణికట్టు నరానికి చిన్న షాకులిచ్చి, మెదడు గీతలను ఒకే ఫోటో మీద ఒకదానిపై ఒకటి పడేట్టు తీశాడు. కంటికి జవాబు కనబడింది. అంతటితో ఆగలేదు. 1951లో ఆ గీతలను తనంతట తానే కూడే యంత్రాన్ని తోటి శాస్త్రవేత్తలకు చూపించాడు. కంప్యూటర్లు చేతికందని కాలంలో, తిరిగే స్విచ్చుతో, కెపాసిటర్లతో కట్టిన యంత్రమది! ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచే ఘట్టం ఇదే.

లెక్క ఇట్లా ఉంటుంది. 100 ముక్కలు కూడి సగటు తీస్తే రొద 10వ వంతుకు దిగుతుంది. 2000 ముక్కలకైతే సుమారు 45వ వంతుకు.

1970, 71లలో అమెరికాలో డాన్ జ్యువెట్, ఆయన సహచరులు శబ్దం తర్వాత సెకనులో నూరోవంతు లోపలే వచ్చే చిన్న అలలను ఇదే పద్ధతిలో బయటికి తీశారు. బేరా పరీక్ష చూసేది ఈ అలలనే. 1974లో కర్ట్ హెకాక్స్, రాబర్ట్ గలాంబోస్ ఆ పరీక్షను పసిపిల్లలకు చేసి చూపించారు. నోరు లేని బిడ్డ తరఫున సాక్ష్యం చెప్పేవాళ్లు అప్పుడు దొరికారు.

మన జిల్లాకూ దీనితో సంబంధం ఉంది. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో అప్పటి మహబూబ్‌నగర్ ఒకటి. మన మక్తల్ ఆనాడు ఆ జిల్లాలోదే. పుట్టుచెవుడున్న చిన్నపిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్, అంటే లోపలిచెవిలో వినికిడి పరికరం అమర్చే ఆపరేషన్ ఆ పథకం కిందకు వచ్చింది. ఆపరేషన్ నిర్ణయానికి ముందు చూసే కాగితాల్లో బేరా రిపోర్టు ముఖ్యమైనది. మాటలు నేర్చే వయసు దాటిపోతే ఫలితం తగ్గుతుంది కాబట్టి నేను ఇంత పట్టుబట్టి చెప్తున్నాను. మూడో నెలకల్లా నిర్ధారణ, ఆరో నెలకల్లా చికిత్స అన్నది వైద్యులు పెట్టుకున్న గడువు.

అనుమానముంటే ఆశా కార్యకర్తకు చెప్పండి, లేదా హైదరాబాద్ కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రిలో అడగండి. నుదుటిమీద, చెవుల వెనక చిన్న ఎలక్ట్రోడ్లు అతికిస్తారు. సూది గుచ్చరు, నొప్పి ఉండదు. బిడ్డ నిద్రపోతేనే గీతలు శుభ్రంగా వస్తాయి. అందుకని దారిలో పడుకోనివ్వకండి, అక్కడికి చేరాక కడుపునిండా పాలు పట్టండి.