కళాశాల చదువునకు చాలని సొమ్ము

పరీక్షా ఫలితములు వెలువడిన నాడు ఇంటిల్లిపాదికిని సంతోషమే. మరునాటి నుండి లెక్కలు మొదలగును. అమ్మాయికి ఇంజనీరింగు కళాశాలలో సీటు వచ్చినది. చేతనున్న సొమ్ము మాత్రము చాలదు. పొలము తాకట్టు పెట్టుదమా, నగలు అమ్ముదమా, లేక చదువే మాన్పింతమా అను తర్జనభర్జన సాగును. ఆడపిల్ల విషయమున మూడవ మార్గమే పలువురికి ముందుగా తోచుట విచారకరము. ఈ మూడింటికిని పూర్వమే చేయదగిన ప్రయత్నములు కొన్ని కలవు. వానిని గూర్చి నేడు ముచ్చటించుకొందము.

చేత డబ్బు లేక చదువుట తెలుగువారికి క్రొత్త కాదు. వారములు చేసికొని, దినమున కొక యింట భుజించుచు చదివిన విద్యార్థులు ఒకనాడు ఊరూర నుండెడివారు. టంగుటూరి ప్రకాశం పంతులుగారి తల్లి ఒంగోలులో పూటకూళ్ళ యిల్లు నడిపి కుమారుని పెంచినది; ఉపాధ్యాయులైన హనుమంతరావు నాయుడుగారు ఆయనను చేరదీసి చదువునకు తోడ్పడిరి. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు విద్యార్థి వేతనములతో చదివిరి. బంధువొకరు తమ తత్త్వశాస్త్ర గ్రంథములను ఇచ్చుట వలననే ఆయన ఆ శాస్త్రమును చేపట్టిరి. 1918లో హైదరాబాదున వెలసిన రెడ్డి వసతిగృహము పల్లెల నుండి వచ్చిన పిల్లలకు నీడనిచ్చినది. ఒకరు కూడు, ఒకరు గూడు, ఒకరు పుస్తకము సమకూర్చిరే కాని, ఏ ఒక్కరును మొత్తము భారమును మోయలేదు. మనమును లోటును అట్లే విడదీసి చూడవలెను.

కనుక మొదట నాలుగేండ్ల వ్యయమును ఒక కాగితముపై వ్రాసికొనుడు. కళాశాల జీతము, వసతి, భోజనము, పుస్తకములు, పరీక్ష రుసుము, ప్రయాణములు – వేటికవి వేరుగా నుండవలెను. ఏ పద్దునకు ఏ సహాయము లభించునో అప్పుడు తెలియును.

తిరిగి చెల్లింప నక్కరలేని సొమ్మును ముందుగా వెదకవలెను. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములు రెండును అర్హులైన పేద విద్యార్థులకు బోధన రుసుమును చెల్లించు పథకములను నడుపుచున్నవి. సాంకేతిక విద్యలో చేరు ఆడపిల్లలకు అఖిల భారత సాంకేతిక విద్యామండలి వారి ‘ప్రగతి’ వేతనము ఏటికి 50,000 రూపాయలు. కుటుంబ వార్షికాదాయము 8 లక్షలు మించరాదు. ఒక వేతనము పొందువారికి మరియొకటి కూడదను నియమము కొన్నింట గలదు. కావున సరిపోల్చి, అధిక లాభము గలదానిని ఎన్నుకొనవలెను. ఆదాయ, కుల ధ్రువపత్రములను ఫలితములు రాకమునుపే సిద్ధపరచుకొనుట మేలు. అర్హత యుండియు గడువు దాటుటచే నష్టపోవుట కన్న విచారకరమైనది లేదు.

ప్రభుత్వపు సొమ్ము కళాశాలకు చేరుటలో పలుమార్లు జాప్యము జరుగుచున్నది. ఆ వ్యవధిలో ఏమి చెల్లింపవలసి వచ్చునో చేరుటకు ముందే అడిగి తెలిసికొనుడు. విద్యార్థుల అసలు ధ్రువపత్రములను సంస్థలు తమ వద్ద అట్టిపెట్టుకొనరాదని విశ్వవిద్యాలయ ధనసహాయ సంఘము 2018లో ప్రకటించినది. ఈ సంగతి ప్రతి తండ్రియు ఎరిగియుండవలెను.

ఇంకను మిగిలిన లోటునకే అప్పు. 4 లక్షల వరకు విద్యా ఋణమునకు బ్యాంకులు ఆస్తి హామీ కోరరాదు. ఏటికి లక్ష చొప్పున నాలుగేండ్లు, నూటికి పది వడ్డీతో తీసికొంటిమనుకొందము. చదువు ముగిసి మరియొక యేడాది గడచునప్పటికి, సాధారణ వడ్డీ లెక్కన, వడ్డీయే 1,40,000 రూపాయలగును. వార్షికాదాయము నాలుగున్నర లక్షలు మించని కుటుంబముల పిల్లలు గుర్తింపు గల సంస్థలలో వృత్తి, సాంకేతిక విద్యలు చదివినచో, ఈ కాలపు వడ్డీని కేంద్రప్రభుత్వమే భరించు పథకము కలదు. దానిని బ్యాంకులో అడిగి తీరవలెను. ఊరిలో రెండు రూపాయల వడ్డీ స్వల్పముగా తోచును. అది నెలకు నూటికి రెండు, అనగా ఏటికి ఇరువది నాలుగు! సులభముగా చేతికి వచ్చు ఆ అప్పే పొలమును మ్రింగునది.

ఈ లెక్కలన్నియు పిల్లలకు తెలియకుండ దాచుట ప్రేమ యనిపించుకొనదు. పదునెనిమిదేండ్ల బిడ్డ ఇంటి పరిస్థితిని అర్థము చేసికొనగలదు. దరఖాస్తులు తానే పూర్తి చేయగలదు. పొరుగు పిల్లలకు పాఠములు చెప్పి పుస్తకముల ఖర్చును గడించగలదు.

స్థితిమంతులగు శ్రోతలకు ఒక విన్నపము. వారములిచ్చిన యిండ్లు నేడు అరుదు. ఆకలిగొన్న విద్యార్థులు అరుదు కాలేదు. ఒక బిడ్డకు పరీక్ష రుసుమో, ఒక నెల భోజనపు ఖర్చో ఇచ్చుట పెద్ద దానము కాకపోవచ్చును. కాని గడువు ముగియు నాటి సాయంకాలమున ఆ చిన్న మొత్తము లేకయే చదువు ఆగిపోవుచున్నది.