సంఘం నుంచి తీసేస్తే తీరిపోతదా?

మండల మహిళా సమాఖ్య సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగం



పొద్దున్నుంచి బ్యాంకు లింకేజి, స్త్రీనిధి వాయిదాలు, పొదుపు లెక్కలు మాట్లాడుకున్నం. మాకు ఇచ్చిన అంశం వేరే. దాన్ని వ్యక్తిత్వ రుగ్మత అంటారు. మేము పదో తరగతి దాకా చదివినవాళ్లం, డాక్టర్లం కాము. మానసిక వైద్యురాలు మాకు విడమర్చి చెప్పింది, రెండేళ్లుగా మా సంఘంలో మేము చూసింది, రెండూ కలిపి మీ ముందు పెడుతున్నం.

ఈ పేరు మీలో చాలామంది విని ఉండకపోవచ్చు. కానీ ఒక దరఖాస్తు మాత్రం చాలా గ్రామ సంఘాలకు వచ్చే ఉంటది. "ఈమెతో మేము వేగలేము, ఈమెను గ్రూపు నుంచి తీసేయండి" అని రాసి, కింద మిగతా సభ్యులందరి సంతకాలు ఉంటయి. మాకు కూడా అట్లాంటిది వచ్చింది.

ఆ చెల్లె పేరు, ఊరు చెప్పము. ఆమెను అడిగి, ఆమె సరే అన్నంత వరకే చెప్తున్నం. వయసు ముప్పై లోపే. మిరప కోతల్లో ఆమెతో సమానంగా కోసేవాళ్లు తక్కువ. మనసు బాగున్న రోజు గ్రూపు లీడరు చెయ్యి పట్టుకొని "అక్కా, నువ్వే నా తల్లివి" అంటది. అదే లీడరు ఇంకొకరితో నవ్వుతూ మాట్లాడితే చాలు, సాయంత్రానికి "నువ్వు కూడా నన్ను వదిలేసినవు" అని ఇంటి ముందుకు వచ్చి తిట్టిపోస్తది. మీటింగు మధ్యలో పాసుపుస్తకం విసిరేసి పోతది. తెల్లారి వచ్చి ఏడుస్తది. రెండుసార్లు ప్రాణం మీదికి తెచ్చుకుంది. అత్తగారింట్లో అదే తీరు, పుట్టింట్లో అదే, కూలికి పోయిన చోట అదే. గూడెంలో కొందరు గాలి సోకింది అన్నరు. కొందరు నాటకాలు అన్నరు. ఇంకొందరు పొగరు, రెండు తగిలిస్తే కుదురుతది అన్నరు.

తీసేయడం సులువే. తీర్మానం రాసి సంతకాలు పెడితే అయిపోతది. కానీ పాత అప్పు అట్లనే ఉంటది, కొత్త అప్పు రాదు. పిల్లల ఫీజు కోసం మళ్లీ వడ్డీ వ్యాపారి గడప తొక్కాలి. నలుగురిలో కూర్చునే ఒక్క చోటు కూడా పోతది. మరి ఉంచితే? మిగతా పదిమంది తిట్లు ఎందుకు పడాలి? వాళ్లది మాత్రం మనసు కాదా? రెండు వైపులా న్యాయం ఉంది. అందుకే తీర్మానం రాసే ముందు, అసలు ఇది ఏమిటో తెలుసుకుందామని ఏఎన్ఎం అక్కను తోడు తీసుకొని, ఆ చెల్లెను ఒప్పించి డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయినం.

మాకు అర్థమైంది ఇది. జ్వరం వస్తది, పోతది. దిగులు జబ్బు కూడా ఒక కాలంలో మొదలై, మందులకు తగ్గుతది. వ్యక్తిత్వ రుగ్మత అట్లా కాదు. మనుషులను నమ్మే తీరు, కోపం వచ్చే తీరు, తనను తాను చూసుకునే తీరు, ఇవన్నీ చిన్న వయసు నుంచే ఒక పక్కకు గట్టిగా వంగిపోయి ఉంటయి. వెదురు లేతగా ఉన్నప్పుడు ఎటు వంగితే అటే పెరిగినట్టు. డాక్టర్లు ముఖ్యంగా మూడు సంగతులు చూస్తారు. మొదటిది, ఆ తీరు వయసు వచ్చినప్పటి నుంచీ, ఏళ్ల తరబడి ఉందా. రెండోది, ఇంట్లో ఒక్కచోటే కాకుండా పనికాడ, చుట్టాల దగ్గర, సంఘంలో, అన్నిచోట్లా ఉందా. మూడోది, దానివల్ల ఆమెకు గాని, చుట్టూ ఉన్నవాళ్లకు గాని బతుకు పాడవుతుందా. అంతేగాని అత్త మీద కోపం, భర్త తాగుడు మీద కోపం, పంట పోయిన ఏడాది చిరాకు, ఇవి రుగ్మత కాదు.

అందరిదీ ఒకే తీరు కూడా కాదు. కొందరికి ఎవరిని చూసినా అనుమానమే. కొందరికి ఎదుటివాళ్ల నొప్పి పట్టదు. కొందరు నలుగురిలోకి రావాలంటేనే వణికిపోతారు. కొందరు చిన్న పనికి కూడా ఇంకొకరి మీదనే ఆనుకుంటారు. కొందరికి ప్రతిదీ గీత గీసినట్టు ఉండాలి, లేకపోతే ఇల్లంతా నరకం చేస్తారు. మా చెల్లెలాగా మనసు నిలకడ లేక, వదిలేస్తారన్న భయంతో బతికేవాళ్లు కొందరు. 2022 జనవరి నుంచి అమలులోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త జాబితాలో రకం పేరు కంటే తీవ్రత ఎంత అన్నదే ముందు చూస్తారు. తక్కువ, మధ్యస్థం, ఎక్కువ అని.

ఎందుకు వస్తది అని మేము అడిగినం. పుట్టుకతో వచ్చే స్వభావం కొంత, పెరిగిన తీరు కొంత అని చెప్పింది. చిన్నప్పుడు దెబ్బలు, ఆకలి, పట్టించుకోకపోవడం, లైంగిక వేధింపులు అనుభవించినవాళ్లలో ఎక్కువగా కనిపిస్తదట. అట్లని కష్టపడ్డ ప్రతి బిడ్డకూ రాదు, వచ్చిన ప్రతి ఒక్కరినీ తల్లిదండ్రులు పాడుచేసినట్టూ కాదు. కాబట్టి తల్లి పెంపకం మీద నేరం మోపొద్దు.

ఇక్కడ రెండు జాగ్రత్తలు గట్టిగా చెప్పాలి. మొదటిది, ఈ పేరును మనం ఎవరికీ తగిలించొద్దు. అది డాక్టరు పని. ఎదురు మాట్లాడిన ఆడదాన్ని, ఆస్తిలో వాటా అడిగిన ఆడదాన్ని "దీనికి పిచ్చి" అని పుట్టింటికి తోలేయడం మనం చూస్తున్నదే. ఈ ప్రసంగం విని ఊళ్లో ఇంకో కొత్త తిట్టు పుట్టకూడదు. రెండోది, కొట్టే మగవాళ్ల సంగతి. "ఆయన తీరే అంత, జబ్బేమో" అని సర్దుకోమని ఎవరికీ చెప్పొద్దు. జబ్బు ఉంటే వైద్యం చేయించుకోవాలి, కొట్టే హక్కు మాత్రం దానితో రాదు. 2005 గృహహింస చట్టం ఉంది, 181 నంబరు ఉంది, సఖి కేంద్రం ఉంది.

ఇక గూడెంలో వడ్డె దగ్గరికి, గుడి దగ్గరికి పోయేవాళ్లను మేము ఆపము. మొక్కు మొక్కుకోండి. కానీ కట్టేయడం, వాతలు పెట్టడం, పస్తులుంచడం వద్దు. మానసిక జబ్బు ఉన్నవాళ్లను గొలుసులతో కట్టేయడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది. ప్రాణం తీసుకోబోయినవాళ్లను పోలీసు కేసు అవుతదని భయపడి ఇంట్లోనే దాచిపెడతారు. అది వద్దు. అదే చట్టం 115వ సెక్షన్ ప్రకారం, వాళ్లు తీవ్రమైన ఒత్తిడిలో అట్లా చేశారనే భావించాలి, శిక్షించకూడదు. ముందు 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకుపోండి.

ఇప్పుడు అసలు సంగతి, సంఘంలో ఎట్లా నెట్టుకురావాలి అనేది.

మనం గోదావరి ఒడ్డున ఉన్నవాళ్లం. భద్రాచలం దగ్గర నీళ్లు 43 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జులైలో 71 అడుగులు దాటింది, మీ అందరికీ గుర్తే. మొదటి హెచ్చరిక నాడే సామాను సర్దుకుంటం. మూడో హెచ్చరిక దాటినంక నదితో వాదన పెట్టుకోం, గట్టుకు జరుగుతం. మనిషి కోపం కూడా అంతే. ఆ చెల్లెకు మాట గట్టిగా రావడం మొదటి హెచ్చరిక. పాత సంగతులు ఒక్కొక్కటీ తవ్వడం రెండోది. వస్తువు విసరడం, "నేను చస్తా" అనడం మూడోది. మొదటి దగ్గరే "నీకు బాధ అయింది, నాకు తెలుస్తుంది, నీళ్లు తాగు" అంటే చాలాసార్లు దిగుతది. మూడో దగ్గర తప్పెవరిదో తేల్చొద్దు. పిల్లలను పక్కకు తీసుకుపోవాలి, పురుగుల మందు, గడ్డి మందు, కత్తి అందకుండా తీసేయాలి, ఒక్క మనిషి నెమ్మదిగా పక్కన ఉండాలి. చస్తా అన్న మాటను నాటకం అని ఎప్పుడూ కొట్టిపారేయొద్దు. లెక్క ఏదైనా తెల్లారి నీళ్లు దిగినంక తేల్చుకోవచ్చు.

రెండోది, మన పంచ సూత్రాలు. క్రమం తప్పని సమావేశం, పొదుపు, అంతర్గత అప్పు, వాయిదా చెల్లింపు, పుస్తకాలు రాయడం. ఇవి డబ్బు కోసం నేర్చుకున్నం. డాక్టరమ్మ మా గ్రూపు సంగతి అంతా విని "ఈమెకు కావలసిన మందు సగం మీ దగ్గరే ఉంది" అన్నది. ఎందుకంటే నిలకడ లేని మనసుకు చుట్టూ ఉన్నవాళ్ల నిలకడే ఆసరా. అదే రోజు, అదే టైము, అందరికీ అదే నియమం. మీటింగుకు రాకపోతే 10 రూపాయల జరిమానా అందరికీ ఉంది. ఆమె ఏడ్చిందని మాఫీ చేయలేదు, తిట్టిందని 20 వేయలేదు. తిట్టిన రోజు ఆమె మాట పుస్తకంలో ఎక్కదు. "ఇప్పుడు ఆపుదాం, వచ్చే మీటింగులో నీ మాటే ముందు వింటం" అంటం. వచ్చే మీటింగులో నిజంగానే ముందు వింటం. మాట ఇచ్చి తప్పితే ఆమెకు మళ్లీ వదిలేసినట్టే.

అర్ధరాత్రి లీడరుకు ఫోన్లు చేసేది. నియమం పెట్టుకున్నం. రాత్రి 8 దాకా లీడరు ఎత్తుతది. ఆ తరువాత మనసు బాగాలేకపోతే 14416కు చేయాలి. అది టెలి మానస్, 2022 అక్టోబరు 10న మొదలైంది, పైసా ఖర్చు లేదు, ఇరవై నాలుగు గంటలూ ఉంటది, తెలుగులో మాట్లాడతారు. మన చుట్టాలు ఎటపాక, కూనవరం, చింతూరు దిక్కు 2014లో ఆంధ్రలో కలిసిపోయారు కదా, వాళ్లకు కూడా అదే నంబరు పనిచేస్తది.

వైద్యం గురించి. ఈ తీరును మార్చే మాత్ర అంటూ లేదు. నిద్ర, దిగులు, ఆందోళన కోసం డాక్టరు మందులు ఇస్తారు. అవి రాసిచ్చినట్టు వాడాలి, మనంతట మనం ఆపొద్దు. ఊళ్లో దొరికిన మాత్రలు వేయొద్దు. అసలు వైద్యం మాటలతో జరిగేది, నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది పైన. అమెరికాలో మార్షా లైన్‌హాన్ అనే ఆమె ఇట్లాంటి మనసుల కోసం ఒక వైద్య పద్ధతి తయారుచేసింది. కోపాన్ని ఓర్చుకోవడం, మనసును గమనించుకోవడం, బంధం తెగకుండా అడగడం, ఇట్లాంటివి పాఠాల్లాగా నేర్పిస్తారు. ఆమె కూడా 17 ఏళ్ల వయసులో, 1961లో, తనను తాను గాయపరచుకుంటూ ఆసుపత్రిలో చేరి రెండేళ్లకు పైగా ఉంది. ఆ సంగతి 2011లో తనే బయట పెట్టింది. అదే దేశంలో మెక్లీన్ ఆసుపత్రి వాళ్లు మా చెల్లెలాంటి రుగ్మత ఉన్న 290 మందిని పదేళ్లు గమనిస్తే, నూటికి 93 మందికి కనీసం రెండేళ్ల పాటు లక్షణాలు తగ్గి ఉన్నయి. పనిలో, బంధాల్లో కూడా పూర్తిగా నిలదొక్కుకున్నవాళ్లు సగం మంది. అంటే ఇది మారని రాత కాదు. కానీ తొందరగా కూడా మారదు.

డాక్టరు దగ్గరికి పోవడం మన దగ్గర సులువు కాదు. కొత్తగూడెం మెడికల్ కాలేజీ 2022లో, ఖమ్మంది 2023లో మొదలైనయి. మానసిక వైద్యులు ఏ రోజు చూస్తారో ముందు ఆశా అక్కతో కనుక్కొని బయలుదేరండి, లేకపోతే బస్సు చార్జీ, కూలి రెండూ పోతయి. కోయ మాట్లాడే చెల్లె అయితే ఆ భాష వచ్చిన అక్కను తోడు పంపండి. కడుపులో బాధ సొంత మాటలోనే బయటికి వస్తది. ఆశా అక్కలు ఇదంతా చేయగలరా అనే అనుమానం కూడా వద్దు. గోదావరి దిగువన పశ్చిమ గోదావరి జిల్లాలో, గిరిజన ఊళ్లతో సహా, ఆశా కార్యకర్తలే ట్యాబులు పట్టుకొని ఇంటింటికీ పోయి దిగులు, ఆందోళన, చావు ఆలోచనల గురించి అడిగి డాక్టర్లకు చూపించిన కార్యక్రమం జరిగింది.

మా చెల్లె ఇప్పుడు ఎట్లా ఉంది అని అడుగుతారు. కోపం ఉంది. మొన్న కూడా మీటింగు మధ్యలో లేచిపోయింది. కానీ పుస్తకం విసరలేదు, అరగంటకు తిరిగి వచ్చి కూర్చుంది. వాయిదాలు కడుతుంది. ఏడాదిన్నరగా ప్రాణం మీదికి తెచ్చుకోలేదు. ఇద్దరు సభ్యులు మాత్రం మేము భరించలేము అని వేరే గ్రూపులోకి మారారు. వాళ్లను కూడా తప్పు పట్టలేదు, వాళ్ల పొదుపు లెక్క కట్టి మర్యాదగా పంపినం. ఆమె అత్త ఒకరోజు మాతో "మీరు వచ్చి ఒక పూట కూర్చుంటే నాకు ఊపిరి ఆడుతది" అన్నది. చూసుకునేవాళ్లు కూడా అలిసిపోతారు. వంతులు వేసుకొని వారానికి ఒకరం పోతున్నం.

ఈ సమావేశం ముందు మూడు తీర్మానాలు పెడుతున్నం. ఒకటి, గొడవపడే సభ్యురాలిని తీసేయమని దరఖాస్తు వస్తే మూడు నెలలు ఆగి, ఆ లోపల ఆరోగ్య కార్యకర్తతో ఒకసారి మాట్లాడించాలి. రెండు, ప్రతి గ్రామ సంఘం గోడ మీద 14416, 181, 108 నంబర్లు పెద్దగా రాయించాలి. మూడు, మానసిక వైద్యానికి పోయే సభ్యురాలికి, తోడు పోయే మనిషికి బస్సు చార్జీలు గ్రామ సంఘం ఆరోగ్య నిధి నుంచి ఇవ్వాలి. అప్పు కింద కాదు, సాయం కింద.

ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి. ఒప్పుకోనివాళ్లు కూడా లేచి కారణం చెప్పండి, మినిట్స్ పుస్తకంలో రాస్తం. సెలవు.