లెక్కయు, ఊహయు



ధనవిషయమున ఒకరిపై నింద మోపుటకు ముందు కాగితము చూడవలెను. 1957 జూన్‌లో జీవిత బీమా సంస్థ, పాలసీదారుల సొమ్ములో దాదాపు 1 కోటి 24 లక్షల రూపాయలు వెచ్చించి, హరిదాస్ ముంద్రాకు చెందిన ఆరు కంపెనీల వాటాలు కొనెను. ఆ డిసెంబరులో ఫిరోజ్ గాంధీ వదంతులను నమ్ముకొనలేదు. ఏనాడు, ఏ ధరకు కొనిరో చూపుచు లోక్‌సభలో నిలదీసెను. 1958లో బొంబాయి ప్రధాన న్యాయమూర్తి ఛాగ్లా బహిరంగముగా విచారించి, సంస్థ తన పెట్టుబడుల సంఘమును సంప్రదింపలేదని తేల్చెను. ఆర్థికమంత్రి టి.టి. కృష్ణమాచారి ఫిబ్రవరిలో పదవి విడిచెను.

లెక్క 'ఎంత' యని చెప్పును. 'ఎందుకు' అనుదానికి సాక్షి నడుగవలెను. రెండును లేనిచోట అనుమానమును అనుమానమనియే పలుకుట ధర్మము. మన సహకార సంఘపు చిట్టాకును ఇదియే న్యాయము. గ్రంథాలయమున పత్రిక తెరచువారు లెక్కను, ఊహను వేరుచేసి చదువుదురు గాక!