ప్రయోగం లేని మాట



ఇది బ్రౌన్ దొర స్మారకోపన్యాసం. ఆయన 1798లో కలకత్తాలో పుట్టారు, 1820లో కడపకు వచ్చారు, తాళపత్రాలు పోగుచేశారు, వేమనను లోకానికి చూపించారు, 1884లో లండన్‌లో కన్నుమూశారు. ఈ సభలో ఇవి తెలియనివాళ్లు లేరు. నాకు ఆయనతో ఉన్న బంధుత్వం మరోలాంటిది. మా నాన్నగారు శిస్తు రశీదులను బ్రౌన్ నిఘంటువులో దాచేవారు. ఏదైనా రశీదు కావాలంటే వెతికిపెట్టే పని నాది. వెతుకుతూ వెతుకుతూ మాటల్లో పడి, రశీదు సంగతే మరిచిపోయేవాణ్ని. మాట, దాని పక్కన అర్థం, ఆ పక్కన ఒక కవి వాడిన తీరో, జనం నోట నలిగిన పలుకో. ఆ మూడోది ఉన్నచోటే నా కళ్లు ఆగేవి. దొరవారికి నా నివాళి ఇంతే. ఇక చాలా ఏళ్లుగా నేను మోస్తున్న తగాదాకు వస్తాను.

ఇంగ్లీషులోని వింత మాటలను మనం పిల్లలకు పరిచయం చేస్తున్న పద్ధతి మీద నాకు తీవ్రమైన అభ్యంతరం ఉంది. పోటీ పరీక్షల పుస్తకాల్లో, ఆదివారం అనుబంధాల్లో, కాలేజీ గోడపత్రికల్లో ఇది రివాజు అయిపోయింది. నోరు తిరగని మాట ఒకటి, దాని కింద నవ్వు పుట్టించే నిర్వచనం, ఆ కింద రాసినాయన సొంతంగా అల్లిన వాక్యం. 'డిఫెనెస్ట్రేషన్' అంటే మనిషిని కిటికీలోంచి బయటికి విసిరేయడమట. మా మేనేజరును అలా చేయాలనిపించింది అని ఉదాహరణ. 1618లో ప్రాగ్ కోటలో ఇద్దరు రాజప్రతినిధులనూ వాళ్ల కార్యదర్శినీ కిటికీలోంచి తోసేశారనీ, ముప్పై ఏళ్ల యుద్ధం అక్కడే రాజుకుందనీ ఆ వాక్యం చెప్పదు. పిల్లవాడికి నవ్వు దక్కింది, మాట దక్కలేదు. అవసరం పడి ఎవరో ఒకరు నిజంగా వాడిన వాక్యాన్ని, మన నిఘంటుకారులు 'ప్రయోగం' అని పిలిచేదాన్ని చూపించకుండా ఎంత చమత్కారంగా నిర్వచించినా ఆ మాట నేర్పినట్టు కాదు. వ్యాకరణమే ప్రయోగశరణం అని చదువుకున్నవాళ్లం మనం. నిఘంటువుకు ఆ నియమం వర్తించదా?

దీనికి ఒక సెమినార్లో నాకు జవాబు వచ్చింది: భాషలో ఆట ఉండాలండీ, మీరు ప్రతి మాటకూ సాక్షిని పిలవమంటే ఎలా అని. ఆటను నేను ఏనాడూ కాదనలేదు. 1604లో కాడ్రీ కఠినపదాల పట్టికా, 1623లో కాకరమ్ నిఘంటువూ మీ పాఠ్యపుస్తకాల్లో ఉన్నవే. 1754లో హొరేస్ వాల్‌పోల్ ఒక ఉత్తరంలో 'సెరెండిపిటీ'ని సరదాగా పుట్టించిన కథా, 1871లో లూయిస్ కరోల్ 'చార్టిల్'ను సృష్టించిన కథా అందరూ విన్నవే. వాటి మీద కాలం గడపను. ఆటగా పుట్టిన రెండు మాటలను మాత్రం పక్కపక్కన పెట్టి చూడమంటాను.

మొదటిది 'ఫ్లాక్సినాసినిహిలిపిలిఫికేషన్'. ఇంగ్లీషులో 29 అక్షరాలు. దేన్నైనా పూచికపుల్లతో సమానంగా తీసిపారేయడం అని అర్థం. ఈటన్ బడి లాటిన్ వ్యాకరణంలో 'విలువలేనిది' అనే భావానికి వరసగా ఇచ్చిన నాలుగు మాటలను కలిపి కుట్టిన కుర్రచేష్ట ఇది. అయినా విలియం షెన్‌స్టన్ అనే కవి 1741లో ఒక ఉత్తరంలో దీన్ని వాడాడు. ఒక మనిషి డబ్బును లెక్కచేయని తీరు తనకు ఎంతో నచ్చిందని చెప్పడానికి ఆయనకు ఈ మాట కావాల్సివచ్చింది. 1829లో వాల్టర్ స్కాట్ తన దినచర్యలో ఒక్క అక్షరం తేడాతో ఇదే రాసుకున్నాడు. అప్పటికి ఆయన అప్పుల కింద నలుగుతూ, అవి తీర్చడానికి రాత్రింబగళ్లు రాస్తున్న మనిషి. ఇలాంటి ఇద్దరి చేతుల్లో పడ్డాక ఆ మాట బడిపిల్లల ఆటవస్తువుగా మిగలలేదు.

రెండోది 'న్యూమోనోఅల్ట్రామైక్రోస్కోపిక్‌సిలికోవాల్కేనోకోనియోసిస్'. 45 అక్షరాలు. 1935లో అమెరికాలో పదప్రహేళికల సంఘం అధ్యక్షుడు అన్నిటికంటే పొడవైన మాట కావాలని తయారుచేశాడు. అగ్నిపర్వతపు సన్నని ఇసుకదుమ్ము పీల్చడం వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు అని అర్థం చెప్పారు. మన క్విజ్ పిల్లలు దీన్ని గుక్కతిప్పుకోకుండా అప్పజెబుతారు, మనం చప్పట్లు కొడతాం. రాతి క్వారీలో దుమ్ము మింగి మంచానపడ్డ కూలీ చీటీ మీద డాక్టరు రాసే మాట మాత్రం 'సిలికోసిస్'. ఆ పిల్లల్లో ఎంతమందికి ఆ చిన్నమాట తెలుసో అడిగి చూడండి.

ఇక నా తగాదాకు గుండెకాయ లాంటి చోటుకు వస్తున్నాను. చమత్కార నిర్వచనాల పక్షంవాళ్లు తమ మూలపురుషుడిగా డాక్టర్ శామ్యూల్ జాన్సన్‌ను చూపిస్తారు. ఆయన నిఘంటువు 1755లో వచ్చింది, 42,773 పదాలు. అందులో చమత్కారం కోసం ఎత్తి చూపేవి వేళ్ల మీద లెక్కపెట్టదగినన్ని. అన్నిటికన్నా ప్రసిద్ధమైంది 'ఓట్స్'. ఇంగ్లండులో సాధారణంగా గుర్రాలకు పెట్టే ధాన్యం, స్కాట్లండులో మనుషులను పోషించే ధాన్యం అన్న భావంతో ఆయన దాన్ని వివరించాడు. స్కాట్లండు వాళ్లను గుర్రాలతో పోల్చి వెక్కిరించాడని తరతరాలుగా చెప్పుకుంటున్నారు. ఇది తప్పుడు చదువు అని నేను చాలాసార్లు రాశాను, ఈ వేదిక మీద మరోసారి చెబుతున్నాను.

ముందు ఆ పుట తెరిచి చూడండి. నిర్వచనం దగ్గర జాన్సన్ ఆగలేదు. దాని కింద ఆ మొక్క ఆకు, పువ్వు, గింజల లక్షణాలు ఫిలిప్ మిల్లర్ వృక్షశాస్త్రం నుంచి ఇచ్చాడు. ఆ తర్వాత షేక్‌స్పియర్. తేమ తగిలితే అడవి ఓట్స్ ముల్లు మెలితిరిగే తీరు గురించి తత్త్వవేత్త లాక్. బక్కచిక్కిన పశువులకు ఏ గడ్డి ముందు వేయాలి, ఏది చివర వేయాలి అన్నదానికి మార్టిమర్ వ్యవసాయ గ్రంథం. గుర్రానికి కొలిచిపోసే దాణా మీద స్విఫ్ట్. ఇదంతా ఒక పదం కింద. మనవాళ్లు మాత్రం మొదటి వాక్యాన్ని కత్తిరించి, మిగతాదాన్ని పారేసి, చేతిలో మిగిలిన ముక్కను జోక్ అంటున్నారు. ఆ వరసలో చదివినవాడికి నిర్వచనం కూడా ఒక సాక్ష్యంగానే కనిపిస్తుంది: ఈ గింజ ఎక్కడ ఎవరి కడుపులోకి వెళుతుంది అన్న సమాచారం.

రెండోది, ఈ వాదం జాన్సన్ పుట్టించింది కాదు. ఆయన కంటే నూరేళ్లకు పైగా ముందే, 1621లో, రాబర్ట్ బర్టన్ విషాదం మీద రాసిన మహాగ్రంథంలో ఇది ఉంది. స్కాట్లండు పండితుడు జాన్ మేయర్ పారిస్‌లో ఉండగా, మీ దేశస్థులు ఓట్స్ తింటారట కదా అని అక్కడివాళ్లు ఎత్తిపొడిచారు. స్కాట్లండూ, వేల్సూ, ఇంగ్లండులో మూడోవంతూ ఆ రొట్టే తింటాయి, ఏ ధాన్యానికీ అది తీసిపోదు అని ఆయన బదులిచ్చాడు. అలా చెబుతూనే బర్టన్, గేలెన్ వైద్యాన్ని అనుసరించేవాళ్లు దాన్ని గుర్రాల మేత కింద కట్టేశారని కూడా రాశాడు. బర్టన్ పుస్తకం జాన్సన్‌కు ఎంత ఇష్టమంటే, ఉదయం తనను ముందుగా నిద్రలేపగలిగిన పుస్తకం అదొక్కటే అన్నాడని ఆయన జీవితచరిత్రకారుడు బాస్వెల్ రాశాడు. వైద్యులూ చరిత్రకారులూ తగువులాడుకున్న ఒక విషయాన్ని నిఘంటుకారుడు రెండు దేశాల వాడుకగా నమోదు చేశాడు.

మూడోది, ఆయన దగ్గర నకళ్లు రాసిన ఆరుగురిలో ఐదుగురు స్కాట్లండువాళ్లే. ఈ లెక్కా బాస్వెల్‌దే. లండన్ గఫ్ స్క్వేర్‌లోని ఆయన ఇంటి అటకమీద వాళ్ల చేతుల మీదుగానే ఆ పుస్తకం తయారైంది.

ఎదుటిపక్షం దగ్గర ఒక గట్టి ఆధారం ఉందని ఒప్పుకుంటాను. స్కాట్లండువాళ్లను ఉడికించడానికే అలా రాశానని జాన్సన్ తర్వాత ఎప్పుడో ఒప్పుకున్నట్టు ఒక మాట ప్రచారంలో ఉంది. ఉండనివ్వండి. ఉడికించాలనుకున్నా ఆయన అబద్ధం రాయలేదు. వాక్యంలోని క్రియ కూడా గమనించండి: స్కాట్లండు భాగం దగ్గర ఆయన ఎన్నుకున్నది తినడం కాదు, పోషించడం. 1776లో బాస్వెల్ ఆయనతో కలిసి ఆయన పుట్టిన ఊరు లిచ్‌ఫీల్డ్ వెళ్ళినప్పుడు అక్కడ ఓట్స్ రొట్టెలు, ఓట్స్‌తో చేసిన బీరు చూసి, జాన్సన్ సొంత ఊళ్లోనే జనం ఇది తింటున్నారే అని సంబరపడ్డాడు. అంటే ఆ నిర్వచనాన్ని ఆయన మిత్రుడు జోక్‌గా వదిలేయలేదు, నిజమో కాదో పరీక్షించదగిన ప్రకటనగా తీసుకున్నాడు. ఎదురు ప్రయోగం దొరికిందని ఆనందించాడు. నేను అడుగుతున్న చదువు అదే.

ప్రయోగం ఉంటే తప్పులు రావా అని మరో ప్రశ్న వేస్తారు. వస్తాయి. జాన్సన్ నిఘంటువులోనే 'ఫౌప్' అనే క్రియ ఉంది. ఉత్తరదేశాలవాళ్లు మాటలను గొంతులోంచి బలంగా తోస్తారన్న చరిత్రకారుడు కామ్డెన్ వాక్యాన్ని ఆధారంగా ఇచ్చాడు. కామ్డెన్ రాసింది 'సౌప్'. ఆనాటి అచ్చులో పొడవాటి 'ఎస్' చూడ్డానికి 'ఎఫ్' లాగే ఉండేది. లేని మాట అలా పుట్టింది. అది లేనిదని మనం ఎలా పట్టుకున్నాం? ఆయన కామ్డెన్ పేరు రాసిపెట్టాడు కాబట్టి, కామ్డెన్ పుస్తకం తెరిచి చూడగలిగాం.

అమెరికాలో వెబ్‌స్టర్ కొత్త నిఘంటువుకు 1931 జులై 31న ఒక చీటీ వచ్చింది. సాంద్రతకు సంకేతంగా పెద్ద డి గానీ చిన్న డి గానీ వాడవచ్చని దాని భావం. సంక్షిప్త రూపాల కట్టలోకి వెళ్లాల్సిన ఆ చీటీ మాటల కట్టలోకి వెళ్లింది. 'డి ఆర్ డి' కలిసిపోయి 1934 ముద్రణలో సాంద్రత అనే అర్థంతో 'డోర్డ్' అనే మాట వెలసింది. ప్రయోగం లేదు, వ్యుత్పత్తి లేదు, అర్థం మాత్రం ఉంది. 1939లో ఒక సంపాదకుడు వ్యుత్పత్తి ఏదని వెతికేదాకా ఎవరికీ అనుమానం రాలేదు. ఇలాంటివాటికి భూతపదాలని స్కీట్ పండితుడు 1886లోనే పేరు పెట్టాడు. అప్పుడు ఆయన చూపించిన ఒక ఉదాహరణ మన దేశం గురించే. 1808లో ఒక ఎడిన్‌బరో పత్రిక హిందువుల మొక్కుల గురించి రాస్తూ, కొందరు చేతుల్లోంచి 'కైమ్‌లు' దూర్చుకుంటారని అచ్చువేసింది. అది కత్తులు అనే ఇంగ్లీషు మాటకు అచ్చుతప్పు. చదివినవాళ్లకు అదేదో భారతీయ ఆయుధం అనిపించింది. ఒక్క కత్తిని చూసిన మనిషి సాక్ష్యం ఉంటే ఆ మాట బతికేది కాదు.

ఇక ఇప్పుడు నేను చేస్తున్న పని. బ్రౌన్ దొర 1854లో తెలుగులో కలిసిపోయిన అన్యదేశ్యాలకు వేరే నిఘంటువు వేశారు. కచేరీల్లో, బజారులో తిరిగే మాటలను తక్కువచూపు చూడకుండా ఒకచోట చేర్చారు. దాన్ని నేను ఇంగ్లీషు మాటల వైపు కొనసాగించాలనుకుంటున్నాను. భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1962లో మాండలిక వృత్తిపదకోశంలో వ్యవసాయ పదాల సంపుటం తెచ్చినప్పుడు రైతుల నోట విన్న మాటలనే కూర్చారు. అదే నాకు దారి. ఇంగ్లండులో మరుగునపడి మన దగ్గర బతికిన ఇంగ్లీషు మాటలు ఎన్ని ఉన్నాయో, అవి వేరే అర్థాలు ఎలా తెచ్చుకున్నాయో, ప్రతిదానికీ తేదీ ఉన్న తెలుగు ప్రయోగంతో చూపించాలి. అక్కడ గుర్రబ్బండి వెనక సీటుకు పేరైన 'డిక్కీ' ఇక్కడ కారు వెనక సామాన్ల అర. అక్కడ వైద్యుడు కాచిన కషాయం 'డికాషన్' ఇక్కడ కాఫీ రసం. 'టిఫిన్' సంగతి 1886లోనే హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు తడిమింది.

నన్ను ఇప్పుడు నిద్రపోనివ్వని మాట 'స్టెప్నీ'. తొలి మోటారు బళ్లకు అదనపు చక్రం ఉండేది కాదు. 1904లో వేల్స్‌లోని లనెల్లీ ఊళ్లో, స్టెప్నీ వీధిలోని దుకాణంవాళ్లు పంక్చరైన చక్రానికి పక్కన బిగించుకునే గాలి నింపిన చట్రాన్ని తయారుచేసి, వీధి పేరే దానికి పెట్టారు. వాళ్ల దేశంలో ఆ మాట దాదాపు మరుగునపడింది. విజయవాడ ఆటోనగర్‌లో ఏ మెకానిక్‌ను అడిగినా స్టెప్నీ ఉందా, గాలి చూశావా అనే అంటాడు. చక్రం దాటి మనుషుల మీదికి కూడా పాకింది. జట్టులో అదనంగా తిప్పేవాణ్ని, ఇంకా మొరటుగా అయితే మరో సంబంధాన్ని కూడా అదే మాటతో అంటారు. ఈ ప్రయాణం ఏ ఏట, ఏ ఊళ్లో, ఏ వాక్యంలో మొదలైందో నాకు కావాలి.

ఈ సభలో లారీ, బస్సు సర్వీసులు నడిపిన కుటుంబాలవాళ్లు ఉంటారు. పాత పెట్టెల్లో షెడ్డు బిల్లులు, డ్రైవర్ల చిట్టాలు, కోర్టు దావా కాగితాలు, మోటారు విడిభాగాల ప్రకటనలున్న పాత పత్రికలు ఉంటే దయచేసి పారేయకండి. 'స్టెప్నీ' అన్న మాట తెలుగు లిపిలో కనిపించిన ప్రతి కాగితానికీ నాకు తేదీ, ఊరు, ముందూవెనకా కలిపి పూర్తి వాక్యం కావాలి. అర్థం రాయనక్కర్లేదు, దాన్ని వాక్యం నుంచే తేల్చుకుంటాను. 1930కి ముందరిది ఒక్కటి దొరికినా, ఆ మాట ఉన్న పంక్తిని మాత్రమే కాకుండా కాగితం మొత్తాన్నీ నకలు తీయించి ఇవ్వండి.