బాసు గిటారుకు తేలికైన ఆంప్లిఫయరు
(సంఘ కార్యవర్గ సభ్యుల, ఆర్కెస్ట్రా యువకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠము)



మన ఆర్కెస్ట్రాకు బాసు గిటారు ఆంప్లిఫయరు కొనవలెనని కార్యవర్గం తీర్మానించి, ఏది మంచిదో విచారించి చెప్పమని మమ్ములను కోరింది. మేము ఇంజనీర్లము కాము. రైల్వే పార్సెలు ఆఫీసులో గుమాస్తాలము. రోజూ తూకం దగ్గర కూర్చునేవాళ్ళము గనుక, బరువు సంగతి కొంత తెలుసునన్న ధైర్యంతో ఒప్పుకున్నాము.

కిందటి ఉగాదినాడు జరిగినది మీరందరూ ఎరుగుదురు. మన పాత పెట్టెను తూకానికి పెడితే 41 కిలోలు తూగింది. దానిని హాలు మెట్లు ఎక్కిస్తూ మన బాసు వాయించే తమ్ముడు నడుము పట్టేసి కూలబడ్డాడు. ఆ సాయంత్రం కార్యక్రమం బాసు లేకుండానే నడిచింది. 1989లో వచ్చిన గీతాంజలి చిత్రంలోని ఇళయరాజాగారి పాటలు మనవాళ్ళు చక్కగానే పాడారు. అయినా వెనుక వరుసలోని పెద్దలు “ఎక్కడో వెలితిగా ఉన్నదోయ్” అన్నారు. ఉగాది పచ్చడిలో బెల్లాన్ని, వేపపూతను అందరూ మెచ్చుకుంటారు. ఉప్పు ఊసు ఎవరూ ఎత్తరు. అది వేయని నాడు తెలుస్తుంది దాని విలువ. బాసు సంగతీ అంతే.

అసలు ఈ పెట్టెలకు అంత బరువు ఎందుకు? బాసు గిటారు నాలుగు తీగెలలో అన్నిటికన్న మంద్రమైనది సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. మామూలు గిటారు మంద్రపు తీగె 82 సార్లు. స్వరం కిందికి దిగినకొద్దీ దానిని మన చెవికి స్పష్టంగా వినిపించడానికి ఎక్కువ గాలిని కదిలించవలె. అందుకు ఎక్కువ శక్తి కావలె. అందుచేత పూర్వం పెద్ద ఇనుప ట్రాన్స్‌ఫార్మరు, పెద్ద అయస్కాంతాల స్పీకర్లు, మందపాటి చెక్కపెట్టె తప్పనిసరి అయ్యాయి. 1969లో ఆంపెగ్ కంపెనీవారు తెచ్చిన ఎస్.వి.టి. అనే 300 వాట్ల వాల్వుల ఆంప్లిఫయరు ప్రసిద్ధమైనది. దానికి జతగా పది అంగుళాల స్పీకర్లు ఎనిమిది! ఒక్కడు మోసే సరుకు కాదు.

ఇప్పుడు మూడు మార్పులు వచ్చాయి. మొదటిది ‘క్లాస్ డి’ పద్ధతి. ఇందులో ట్రాన్సిస్టర్లు సెకనుకు లక్షల సార్లు స్విచ్చి వేసి తీసినట్లు పనిచేస్తాయి. కరెంటు వేడిగా వృథా కావడం బాగా తగ్గింది గనుక, వేడిని లాగే పెద్ద అల్యూమినియం దిమ్మెల అవసరమూ తగ్గింది. రెండవది, కరెంటును అతివేగంగా మార్చే కొత్తరకం పవర్ సప్లై. దీనిలో ట్రాన్స్‌ఫార్మరు చాలా చిన్నదైపోయింది. మూడవది, 1980 దరిమిలా వచ్చిన నియోడిమియం అయస్కాంతం. చిన్న బిళ్ళే పెద్ద అయస్కాంతం పని చేస్తుంది. వీటి ఫలితంగా 500 వాట్ల ఆంప్లిఫయరు, స్పీకరు లేకుండా, రెండు మూడు కిలోలలో దొరుకుతున్నది. తేలికైనదంతా బలహీనమని ఇక అనుకోనక్కరలేదు.

అయితే కొనేటప్పుడు గమనింపవలసినవి కొన్ని ఉన్నాయి.

వాట్ల అంకె చూసి మోసపోరాదు. వాట్లు రెండింతలైతే శబ్దం పెరిగేది మూడు డెసిబెల్సే. చెవికి రెట్టింపుగా తోచాలంటే సుమారు పదింతల వాట్లు కావలె. మన హాలుకు, డ్రమ్ముల పక్కన నిలబడి వాయించడానికి, మంచి స్పీకరు ఉంటే 300 నుంచి 500 వాట్లు చాలును. ‘డి.ఐ.’ అనే అవుట్‌లెట్టు మాత్రం తప్పక ఉండవలె. దాని ద్వారా బాసు శబ్దం మిక్సరుకు పోయి, హాలు పెద్ద స్పీకర్లలో వినిపిస్తుంది. స్టేజి మీది పెట్టె వాయించేవాళ్ళకు వినిపిస్తే సరిపోతుంది.

తరువాత ఓముల లెక్క. పెట్టె మీద “500 వాట్లు” అని ఉంటే, అది సాధారణంగా 4 ఓముల స్పీకరుకు చెప్పిన మాట. 8 ఓముల స్పీకరు ఒక్కటే తగిలిస్తే అందులో సగానికి కొంచెం పైన మాత్రమే వస్తుంది. ఉదాహరణకు ఫెండర్ రంబుల్ 500 అనే దానిలో పది అంగుళాల స్పీకర్లు రెండు; బరువు సుమారు 16న్నర కిలోలు. ఒంటరిగా 350 వాట్లు, 8 ఓముల మరో పెట్టె జతచేస్తే 500 వాట్లు ఇస్తుంది. ఆంప్లిఫయరుపై వ్రాసిన కనీసపు ఓములకన్న తక్కువకు మాత్రం ఎన్నడూ దిగరాదు. విడి స్పీకరు పెట్టెకు గిటారు వైరు కాక, స్పీకరు వైరే వాడవలె.

అమెరికాలోని బంధువులచేత తెప్పిద్దామని కొందరు సూచించారు. మంచిదే. కాని అక్కడి కరెంటు 120 వోల్టులు, ఇక్కడ 230. రెండింటికీ పనికివచ్చేదా కాదా అని వెనుక చూడకుండా ప్లగ్గు పెడితే, చందాల సొమ్ము పొగ అవుతుంది. ఇంకొక లోటు కూడ దాచరాదు. ఈ తేలిక పెట్టెలలోని భాగాలు అతి సూక్ష్మమైనవి. పేట రేడియో షాపువాడు బాగుచేయడం కష్టం. అందుచేత రిపేరు, వారంటీ మన ఊరికి అందుబాటులో ఉన్న సరుకే కొనవలె.

మా సలహా ఇది: 17 కిలోలకు మించని, స్పీకరు, ఆంప్లిఫయరు కలిసి ఉన్న పెట్టె ఒకటి ఇప్పుడు కొందాము. రెండవ స్పీకరు పెట్టె సంగతి వచ్చే ఏటికి చూసుకోవచ్చును. కొనే ముందు మన తమ్ముణ్ణి దుకాణానికి తీసుకుపోయి, సొంత గిటారుతోనే వాయింపించవలె. ఆ తరువాత గిటారు భుజాన వేసి, పెట్టె చేతికిచ్చి, ఒక అంతస్తు మెట్లు ఎక్కించవలె. పైకి వెళ్ళాక కూడ వేళ్ళు వణకకుండా తీగె మీటగలిగితే, అదే మనకు తగిన ఆంప్లిఫయరు. ఎంత గొప్పదైనా మోయలేక సామాను గదిలో ఉండిపోయేది మనకెందుకు?

ఈ ఉగాదికి ఆ వెలితి తీరుతుందని ఆశిస్తున్నాము.